పాత జీఐ పైపులు తీసి కొత్త నీళ్ళ లైను వేసుకోవడం: తిరుపతి, చిత్తూరు ఇళ్ళకు సమగ్ర మార్గదర్శి

"గోడలో పైపు కారుతోంది. ఆ ముక్క మార్పిస్తే సరిపోతుందా, లైనంతా మార్చాలా?" పాత ఇల్లున్నవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. పైపు జీఐది (జింకు పూత పూసిన ఇనుప పైపు) అయి, ఇరవై ఏళ్ళు దాటి, ఇప్పటికే రెండు మూడు చోట్ల కారి ఉంటే ముక్క మార్చడం దండగ ఖర్చు. కొత్త ముక్క బిగించడానికి పాత మరలు తిప్పినప్పుడే పక్క జాయింటు కదులుతుంది. కొన్నాళ్ళకు అక్కడా కారుతుంది.

రెండో ప్రశ్న, "అన్ని రోజులు నీళ్ళు లేకుండా ఎట్లా?" పాత లైను పనిచేస్తుండగానే కొత్త లైను పూర్తిగా వేసి, పరీక్షించి, ఆఖరున ఒక్క రోజులో కొళాయిలు మార్చుకుంటే ఆ బాధ ఉండదు. కింద చెప్పే పనులన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. వరస తప్పించకండి.

1. లోపం పైపుదేనా? ముందు తేల్చుకోండి

తిరుపతిలో కళ్యాణి డ్యాము నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో వచ్చే ఇళ్ళలో కూడా వాడకానికి బోరు ఉంటుంది. చిత్తూరు వైపు చాలా ఇళ్ళకు బోరే ఆధారం. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే జీఐ పైపుకు రెండు రకాల చేటు: జింకు పూత పోయిన చోట తుప్పు, దాని మీద పేరుకునే ఉప్పు పొర. బయటికి పైపు గట్టిగానే కనిపిస్తుంది, లోపల సందు మాత్రం పూడుకుపోతుంది.

పైసా ఖర్చు లేకుండా మీరే చేసుకోగల పరీక్షలు:

- ట్యాంకుకు దగ్గరున్న కొళాయి కింద, దూరంగా ఉన్న కొళాయి కింద ఒకే బకెట్ పెట్టి నిండడానికి పట్టే సమయం చూడండి.
- ఒక కొళాయి తిప్పి ఉంచి రెండోది తిప్పండి. మొదటిది బాగా సన్నబడితే మెయిన్ లైను పూడుకున్నట్టు అనుమానించాలి.
- పొద్దున్నే వచ్చే మొదటి నీళ్ళు తెల్ల గిన్నెలో పట్టండి. ఎర్రమట్టి రంగు కనిపిస్తే తుప్పు. నల్ల పలుకులు వస్తే వాషర్ రబ్బరు. తెల్ల పెచ్చులైతే ఉప్పు.
- బయటికి కనిపించే పైపుకు అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే ఇనుప పైపు.
- రాత్రి కొళాయిలన్నీ, ఫ్లష్ ట్యాంకుల యాంగిల్ వాల్వులూ కట్టేసి, మిద్దె మీద ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టండి. తెల్లారేసరికి తగ్గి ఉంటే ఎక్కడో గోడలో కారుతోంది.

ఒక్క కొళాయిలోనే నీళ్ళు సన్నగా వస్తుంటే పైపుల జోలికి పోవద్దు. ముందు ఆ కొళాయి మూతి దగ్గరి జాలీ విప్పి కడగండి, తర్వాత దాని కింది యాంగిల్ వాల్వు చూడండి. చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది.

2. ఇంట్లో నీళ్ళ దారి కాగితం మీదికి తెండి

ప్లంబర్‌ను పిలవకముందే ఇది మీరు చేయాల్సిన పని. సంపు నుంచి ట్యాంకుకు ఎక్కే లైను, ట్యాంకు నుంచి దిగే లైను, కార్పొరేషన్ నీళ్ళ లైను, వేడినీళ్ళ లైను వేరువేరు రంగుల్లో గీయండి. ఏ వాల్వు కడితే ఏ కొళాయి ఆగుతుందో ఒక్కొక్కటీ కట్టి చూసి రాసుకోండి. పాత ఇళ్ళలో గేటు వాల్వులు తిరుగుతాయి గానీ పూర్తిగా మూసుకోవు. అలాంటివి గుర్తు పెట్టుకోండి.

బోరు నీళ్ళ లైనూ, కార్పొరేషన్ మంచినీళ్ళ లైనూ ఎక్కడైనా టీ (T ఆకారపు ఫిట్టింగు) పెట్టి కలిపి ఉన్నాయేమో తప్పక చూడండి. మధ్యలో వాల్వు ఉన్నా సరే, అది కాస్త కారితే బోరు నీళ్ళు మంచినీళ్ళ లైనులోకి వెళ్తాయి. కొత్త లైనులో ఈ కలయిక ఉండకూడదు. రెండూ కావాలంటే రెంటినీ విడివిడిగా సంపులోకి పైనుంచి పడేట్టు వదలండి. పైపు మూతి నీళ్ళలో మునగకూడదు.

వీధి మెయిన్ నుంచి మీ ఇంటి దాకా వచ్చే ముక్క కూడా మార్చాలంటే రోడ్డు తవ్వకానికి అనుమతి కావాలి. వార్డు సచివాలయంలో ముందే అడిగి పెట్టుకోండి. ఆ లైనుకు నేరుగా మోటారు బిగించడం మాత్రం వద్దు. అది నిబంధనలకు విరుద్ధం. పైగా మోటారు పీల్చే ఒత్తిడికి భూమిలోని పగుళ్ళ గుండా మురుగునీరు పైపులోకి వస్తుంది.

3. ప్లంబర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్

ఈ మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. ప్రాణం మీదికి వచ్చేది కూడా ఇదే.

పాత ఇళ్ళలో కొన్నిచోట్ల విడిగా ఎర్త్ గుంత తవ్వకుండా, ఎర్త్ వైరును జీఐ నీళ్ళ పైపుకే చుట్టి వదిలేశారు. ఆ పైపు తీసి ప్లాస్టిక్ పైపు వేస్తే ఎర్త్ పోయినట్టే. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, తేడా ఏమీ తెలియదు. గీజరులో కరెంటు లీకైన రోజు షాక్ మనిషికి తగులుతుంది.

- మీటరు బోర్డు నుంచి వచ్చే ఎర్త్ వైరు ఎక్కడికి పోతోందో కంటితో చూడండి.
- అది నీళ్ళ పైపుకు చేరుతుంటే ముందు విడిగా ఎర్త్ గుంత వేయించి, ఎర్త్ సరిగా ఉందో లేదో కొలిపించి, ఆ తర్వాతే పైపు ముట్టుకోండి.
- మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే ఇదే అదనుగా పెట్టించండి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లది వాడతారు.

4. ఏ పైపు, ఏ సైజు

ఇంటి లోపలి లైనుకు సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపు) మేలని నా అభిప్రాయం. చన్నీళ్ళకూ వేడినీళ్ళకూ పనికొస్తుంది, తుప్పు లేదు, ఉప్పు తక్కువగా పడుతుంది, మన ఊళ్ళలో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఫిట్టింగులు దొరుకుతాయి. పైపు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 15778 అని అచ్చు ఉండాలి. ఎస్‌డీఆర్ అంటే పైపు వ్యాసానికీ దాని గోడ మందానికీ ఉన్న నిష్పత్తి. ఎస్‌డీఆర్ 11 అన్నది మందంగా ఉంటుంది, ఎస్‌డీఆర్ 13.5 కాస్త పలచన. వేడినీళ్ళకు 11 మాత్రమే తీసుకోండి. ప్లాస్టిక్ వేడెక్కేకొద్దీ బలం తగ్గుతుంది. మామూలు వేడిలో తట్టుకునే ప్రెషర్‌లో 82 డిగ్రీల దగ్గర నాలుగో వంతే తట్టుకుంటుంది.

సంపు నుంచి ట్యాంకుకు ఎక్కే లైనుకు, ట్యాంకు దగ్గరి చన్నీళ్ళ లైనుకు యూపీవీసీ (మామూలు గట్టి ప్లాస్టిక్ పైపు) చాలు. వేడినీళ్ళకు అది పనికిరాదు. మురుగుకు వాడే బూడిదరంగు పైపును నీళ్ళ లైనులో ఎక్కడా వాడనివ్వకండి, అరడుగు ముక్కైనా సరే.

సైజు దగ్గర జరిగే పొరపాటు తర్వాత దిద్దుకోలేనిది. "పాతది అర అంగుళం, కొత్తదీ అర అంగుళం" అని వేసేస్తారు. అర అంగుళం జీఐ పైపు లోపలి వ్యాసం సుమారు 16 మిల్లీమీటర్లు. అదే అర అంగుళం సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 పైపు లోపల 12 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. నీళ్ళు పారే చోటు 40 శాతం దాకా తగ్గిపోతుంది. కొత్త పైపు వేశాక కూడా షవరు సన్నగానే వస్తోందని బాధపడేవాళ్ళ ఇళ్ళలో చాలావరకు కారణం ఇదే. అందుకే ఒక సైజు పెంచండి:

- ట్యాంకు నుంచి దిగే మెయిన్: చిన్న ఇంటికి 1 అంగుళం, రెండు మూడు బాత్రూములుంటే 1¼ అంగుళం.
- ఒక్కో బాత్రూముకు, వంటింటికి: ముప్పావు అంగుళం. గీజరు దాకా, షవరు డైవర్టరు (నీళ్ళను షవరుకో కొళాయికో మళ్ళించే వాల్వు) దాకా ముప్పావే రావాలి.
- కొళాయికి చేరే చివరి రెండు మూడు అడుగులు: అర అంగుళం.

నీటి మట్టం మీటరు ఎత్తులో ఉంటే వచ్చే ప్రెషర్ కేజీలో పదోవంతు (ఇక్కడ కేజీ అంటే చదరపు సెంటీమీటరుకు కేజీ). మిద్దె మీదే నేరుగా కూర్చోబెట్టిన ట్యాంకుకూ పై అంతస్తు షవరుకూ మధ్య ఎత్తు తేడా మీటరున్నరకు మించదు. ఏ పైపు వేసినా అక్కడ ప్రెషర్ అంతే. వీలైతే ట్యాంకు కింద ఇటుక దిమ్మె కట్టించి ఎత్తు పెంచండి. నీళ్ళ ట్యాంకు బరువు టన్నుల్లో ఉంటుంది కాబట్టి దిమ్మెను గోడలో దూలాలో ఉన్న చోటే కట్టాలి, స్లాబు నడిమధ్యన కాదు.

5. కొత్త దారి ఎటు

పాత గాడి పగలగొట్టి ఆ పైపు తీసి, అందులోనే కొత్తది పెట్టాలని చూస్తారు చాలామంది. అలా చేస్తే మొదటి రోజే నీళ్ళు ఆగిపోతాయి, టైల్సు రెట్టింపు పగులుతాయి. మెయిన్ లైను ఇంటి వెనక గోడకో పక్క సందులోకో బయటి నుంచే దించండి. బాత్రూముకు ఎదురుగా వచ్చిన చోట గోడకు రంధ్రం వేసి లోపలికి తీసుకోండి. పాత పైపు గోడలోనే ఉండిపోతే నష్టం లేదు, రెండు చివరలా ఎండ్ క్యాపు బిగిస్తే చాలు.

లోపల గాడి కొట్టక తప్పనిచోట:

- నిలువు గాడి లోతు గోడ మందంలో మూడోవంతు, అడ్డగాడి లోతు ఆరోవంతు దాటకూడదు. తొమ్మిదంగుళాల గోడలో నిలువుగా 3 అంగుళాలు, అడ్డంగా అంగుళంన్నర.
- నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డగాడి వద్దు.
- పిల్లర్లను, బీములను కోయకూడదు. మేస్త్రీ "కొంచెమేలే" అన్నా ఒప్పుకోవద్దు.
- రాయి, మట్టి అడుసుతో కట్టిన పాత మిద్దెల్లో గాడి మాటే ఎత్తకండి. పైపును గోడ మీదనే క్లాంపులతో నడిపించండి.
- వైరింగు దగ్గరలో ఉంటే కరెంటు మెయిన్ స్విచ్చు ఆపి గాడి కోసే మిషన్ పెట్టాలి.

బయటి పైపుకు ఎండ శత్రువు. మన వేసవిలో పడమటి గోడ మీద పైపు చేయి పెట్టలేనంతగా కాలుతుంది. 10 మీటర్ల సీపీవీసీ పైపు, వేడి 40 డిగ్రీలు పెరిగితే సుమారు 25 మిల్లీమీటర్లు సాగుతుంది. క్లాంపులు పైపును బిగించి పట్టకూడదు, జారనివ్వాలి. అడ్డంగా పోయే చోట మూడడుగులకొకటి పెట్టించండి. పైపుకు నీళ్ళతో కలిపే ఎమల్షన్ రంగు రెండు కోట్లు వేయండి. ఆయిల్ పెయింటు వద్దు, టర్పెంటైను సీపీవీసీని తినేస్తుంది.

6. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం సిద్ధం చేసుకోవాలి

జనవరి నుంచి మార్చి దాకా అనువైన కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, బయటి గోడ పని సాగదు. మేలో సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) బ్రష్షు మీదే ఆరిపోతుంది. తిరుపతిలో గంగజాతరకో బ్రహ్మోత్సవాలకో చుట్టాలు దిగే వారాలు వదిలేయండి.

పనికి ముందు రోజు:

- పైపులు, ఫిట్టింగులు, సొల్యూషన్ ఒకే కంపెనీవి. సొల్యూషన్ డబ్బా మీద తేదీ చూశారా?
- సీపీవీసీ సొల్యూషన్ వేరు, యూపీవీసీ సొల్యూషన్ వేరు. రెండూ తెచ్చారా?
- కొళాయి పాయింట్లకు ఇత్తడి మరలున్న ఫిట్టింగులు, అన్నిటికీ సరిపడా డమ్మీలు (పాయింటును మూసిపెట్టే మరమూతలు)
- పైపు కట్టరు, అరగదీసే పనిముట్టు, పొడి గుడ్డలు
- మూడంచెల వాల్వులు: ట్యాంకు దగ్గర ఒకటి, అంతస్తుకొకటి, బాత్రూముకొకటి. బాల్ వాల్వులే.
- ప్రెషర్ టెస్ట్ చేసే చేతిపంపు అద్దెకు మాట్లాడారా?
- ప్లంబర్‌తో కూలి మాట్లాడేటప్పుడే "టెస్ట్ అయ్యేదాకా గోడ పూడ్చకూడదు" అని చెప్పారా?

7. జాయింటు వేసే పద్ధతి

పక్కన నిలబడి చూడండి. పైపు మంచిదైనా కారేది జాయింటు దగ్గరే.

1. కట్టరుతో నిటారుగా కోయాలి. హ్యాక్సా అయితే వంకర పోతుంది.
2. కోసిన అంచు లోపలా బయటా గరుకు తీసి, బయటి అంచును కాస్త ఏటవాలుగా చేయాలి. లేకపోతే లోపలికి తోసేటప్పుడు సొల్యూషన్‌ను గీరేస్తుంది.
3. సొల్యూషన్ లేకుండా ఒకసారి దూర్చి చూడాలి. సాకెట్‌లో మూడోవంతు నుంచి మూడింట రెండొంతుల దాకా పోయి బిగుసుకోవాలి. అడ్డులేకుండా అడుగుదాకా పోతే ఆ ఫిట్టింగు వదులు, వెనక్కి ఇచ్చేయండి.
4. పొడిగుడ్డతో తుడవాలి. తడి, దుమ్ము, నూనె ఉండకూడదు.
5. సొల్యూషన్ పైపుకు దండిగా, సాకెట్‌కు పలచగా. సాకెట్‌లో ఎక్కువైతే లోపల గడ్డకట్టి దారి మూస్తుంది.
6. పావు చుట్టు తిప్పుతూ అడుగుదాకా తోసి, అర నిమిషం గట్టిగా పట్టుకోవాలి. వదిలేస్తే పైపు వెనక్కి జరుగుతుంది.
7. అంచు చుట్టూ సన్నని గీతలా సొల్యూషన్ కనిపించాలి. ఎక్కడైనా తెగితే ఆ జాయింటు కోసేసి మళ్ళీ వేయించండి. పైన పూత పూసి సరిపెట్టనివ్వకండి.

పైపులను నీడలో ఉంచండి. డబ్బాలో చిక్కబడిన సొల్యూషన్‌ను థిన్నరుతో పలచన చేయడం చాలాచోట్ల చూస్తాం. ఆ డబ్బా పారేయాల్సిందే.

మరల జాయింట్లకు టెఫ్లాన్ టేపు చాలు, మర బిగిసే దిశలోనే చుట్టాలి. నార చుట్టి రంగు పూసే పాత అలవాటు జీఐ వరకే. ఇనుప నిపిల్‌ను (రెండు వైపులా మరలున్న పొట్టి పైపు ముక్క) నేరుగా ప్లాస్టిక్ మరలోకి బిగిస్తే ఆ రోజు బాగానే ఉంటుంది, కొన్నాళ్ళకు నిలువునా చీలుతుంది. ఇత్తడి మర ఉన్న ఫిట్టింగు అందుకే.

ట్యాంకు వాల్వు దాటగానే ఒక టీ పెట్టి, అక్కడి నుంచి గాలిపైపు లేపించండి. అది ట్యాంకు నీటి మట్టం కంటే అడుగు ఎత్తుగా ఉండి, మూతి కిందికి వంగి, దోమతెర కట్టి ఉండాలి. ఇది లేని ఇళ్ళలో ట్యాంకు ఖాళీ అయి నిండినప్పుడల్లా లైనులో గాలి ఇరుక్కుంటుంది.

8. గోడ పూడ్చకముందే ప్రెషర్ టెస్ట్

పని మొత్తంలో రాజీ పడకూడని మెట్టు ఇది. కొళాయిలు తెరిచి "నీళ్ళొస్తున్నాయి, కారడం లేదు" అనుకోవడం టెస్ట్ కాదు. ట్యాంకు నుంచి వచ్చే ప్రెషర్ కేజీలోపే. సరిగా అతకని జాయింటు దానికి నెలల తరబడి ఆగి, టైల్సు వేశాక కారుతుంది.

- ఆఖరి జాయింటు వేశాక ఒక రోజు ఆగండి.
- పాయింట్లన్నిటికీ డమ్మీలు. గీజరు, డైవర్టరు కొళాయిలు బిగించకూడదు.
- కింది నుంచి మెల్లగా నీళ్ళు నింపుతూ, అన్నిటికంటే ఎత్తులో ఉన్న డమ్మీ వదులు చేసి గాలి పూర్తిగా పోనివ్వండి.
- చేతిపంపుతో 10 కేజీలకు ఎక్కించి గంట ఉంచండి.
- మొదట్లో ముల్లు కాస్త దిగితే కంగారు వద్దు, పైపు సాగుతుంది. మళ్ళీ ఎక్కించండి. రెండోసారీ దిగుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది. ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తడిమి చూడండి.
- గాలి కంప్రెసరుతో టెస్ట్ చేయనివ్వకండి. ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు బుల్లెట్లలా వస్తాయి.

టెస్ట్ అయ్యాక, పూడ్చకముందు, గోడ పక్కన కొలటేపు పెట్టి ప్రతి గాడినీ ఫోటో తీసుకోండి. రేపు అద్దానికో అలమరకో మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటోలే దిక్కు.

పూడ్చేటప్పుడు పైపు గాడిలో కదలకుండా పట్టించి, మీద కోళ్ళజాలీ కొట్టి, సిమెంటు మాలు పెట్టాలి. వారం రోజులు తడపాలి. జాలీ లేకపోతే గాడి వెంబడే పగులు తేలుతుంది.

9. మార్పిడి రోజు

పొద్దున్నే వంటకూ తాగడానికీ బిందెలు నింపుకోండి. గీజరు స్విచ్చు ఆపి, ప్లగ్ తీసేయండి. ట్యాంకు ఖాళీ చేసి అడుగున ఉన్న బురద కడిగించండి. కొత్త లైనుకు పాత బురద పంపకూడదు.

పాత లైను ట్యాంకు దగ్గర కోసి మూసేసి, కొత్త లైను కలిపి, కొళాయిలు బిగించకముందే ప్రతి పాయింటు నుంచీ నీళ్ళు ధారాళంగా వదలండి. ప్లాస్టిక్ పొడి, ఇసుక, సొల్యూషన్ వాసన అన్నీ పోవాలి. తర్వాతే కొళాయిలు.

తర్వాత క్లోరిన్. 1000 లీటర్ల ట్యాంకుకు 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరు 150 గ్రాములు బకెట్ నీళ్ళలో కలిపి, తేరాక పైన తేటనీళ్ళు మాత్రమే ట్యాంకులో పోయండి. ఆర్‌ఓ ఫిల్టరుకు పోయే వాల్వు ముందే కట్టేయండి, దాని మెంబ్రేన్ పాడవుతుంది. ఒక్కో కొళాయీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున మొత్తం వదిలేసి, మంచినీళ్ళతో కడిగేయండి. వాసన పోయేదాకా ఆ నీళ్ళు తాగడానికీ వంటకూ వాడొద్దు. పిల్లలున్న ఇంట్లో కొళాయిల మీద కాగితం అంటించి పెట్టండి.

గీజరు నిండి, వేడినీళ్ళ కొళాయిలో నీళ్ళు ధారగా వచ్చాకే స్విచ్చు వేయాలి. గీజరు మీది సేఫ్టీ వాల్వు పాతదైతే ఇప్పుడే మార్చండి.

10. తర్వాత వచ్చే ఇబ్బందులు, వాటి మందు

కొత్త లైనైనా ఎర్రనీళ్ళు వస్తున్నాయి. ఎక్కడో ఒక జీఐ ముక్క మిగిలింది. ట్యాంకు మూతి దగ్గరి నిపిలో, గోడలో కనిపించని చివరి ఎల్బోనో అయి ఉంటుంది. అయస్కాంతం పట్టుకుని పాయింటు పాయింటూ వెతకండి.

నీళ్ళు కక్కుతూ, ఆగి ఆగి వస్తున్నాయి. గాలి ఇరుక్కుంది. గాలిపైపు ఉందా, పైపు ఎక్కడైనా పైకి లేచి కిందికి దిగుతోందా చూడండి. లేచిన చోటును సరిచేయడమే శాశ్వత పరిష్కారం.

కొళాయి కట్టగానే గోడలో దడ్ మంటోంది. పైపు క్లాంపు లేకుండా ఊగుతోంది. ప్రెషర్ పంపు ఉన్న ఇళ్ళలో అయితే పంపు ప్రెషర్ తగ్గించి పెట్టించండి.

షవరులో వేడినీళ్ళు సన్నగా, చన్నీళ్ళు బాగా వస్తున్నాయి. గీజరు లోపల ఉప్పు పేరుకుంది, లేదా దాని ఇన్‌లెట్ వాల్వు సగమే తెరుచుకుంది. బోరు నీళ్ళ ఇంట్లో గీజరును ఏడాదికోసారి విప్పి కడిగించాలి.

చన్నీళ్ళ కొళాయిలో వేడినీళ్ళు వస్తున్నాయి. గీజరు ఇన్‌లెట్‌కు నాన్ రిటర్న్ వాల్వు (నీళ్ళను వెనక్కి పోనివ్వని వాల్వు) లేదు, ఉన్నా పనిచేయడం లేదు. అదే మార్చండి.

సోలార్ హీటరు దగ్గర పైపు వంగిపోయింది. సీపీవీసీ 93 డిగ్రీల దాకానే. ఏప్రిల్, మే నెలల్లో వాడకం లేని రోజు సోలార్ ట్యాంకులో నీళ్ళు అంతకు మించి కాగవచ్చు. ట్యాంకు నుంచి మొదటి ఐదారు అడుగులు లోహపు పైపు వేయించి, అక్కడి నుంచి సీపీవీసీ కలపండి. వేసవిలో హీటరు ట్యూబుల మీద గోనెపట్టా కప్పి ఉంచండి.